గోడ అవతల పడే రంగు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కమిటీ వాళ్లు నాకిచ్చిన అంశం "నా వృత్తి అనుభవాలు". ముప్పై ఏళ్లుగా నేను చేస్తున్న పని ఇనుముకు, చెక్కకు, కాంక్రీటుకు రంగు వేయించడం. ఇంజనీరు అంటే వంతెనలు కడతాడనుకునే మా అమ్మకు ఈ ఉద్యోగం ఏమిటో చివరిదాకా అర్థం కాలేదు. "సున్నం వేసేటోళ్లకు మేస్త్రివా బిడ్డా?" అని అడిగేది. అంతే అమ్మా అనేవాణ్ని. ముప్పై ఏళ్ల సంగతులన్నీ చెబితే ఈ ఎండలో మీకు నిద్ర ముంచుకొస్తుంది. అందుకే అంశాన్ని కొంచెం కుదించుకున్నాను.

మీ చేతుల్లో ఉన్న కార్యక్రమ పత్రంలో ఒక వాక్యం ఉంది. అమెరికాలో ఉన్న మన పూర్వ విద్యార్థుల విరాళంతో వేపచెట్టు కింద చెక్క వేదిక, బడి తోట చుట్టూ చెక్క కంచె వస్తాయని. చాలా సంతోషం. చెక్క కూడా వచ్చేసింది, స్టోరు గదిలో ఉంది, నిన్న చూశాను. దానికి రంగు ఎవరు వేస్తారని అడిగితే, ఒక కాంట్రాక్టరు సెలవు చూసుకుని రెండు రోజుల్లో మిషన్‌తో కొట్టి ఇస్తానన్నాడని చెప్పారు. నా ఇరవై నిమిషాలూ ఆ రెండు రోజులకే కేటాయిస్తాను. నిన్న సాయంత్రం తోట దగ్గర నిలబడి చూస్తే పడమటి పక్క, గోడ అవతల, పత్తి చేను తెల్లగా పగిలి ఉంది. తూర్పు పక్క ఇరవై అడుగుల్లో మధ్యాహ్న భోజనం వండే షెడ్డు ఉంది. గాలి ఎటు తిరిగినా ఆ మిషన్ నుంచి లేచే తుంపరకు దిక్కు దొరుకుతుంది.

మనలో ఇక్కడే ఉండిపోయిన వాళ్ల కోసం ముందు ఒక మాట. అమెరికాలో ఇంటి వెనక చెక్కలతో ఒక అరుగు కడతారు, దాన్ని డెక్ అంటారు. మన ఇంటి ముందరి అరుగే, కాకపోతే వెనక్కి పోయింది, రాయి బదులు చెక్క వచ్చింది. దాని చుట్టూ చెక్క పలకల ప్రహరీ. మనకు కంచె అంటే తుమ్మ కంప, లేకపోతే రాతి కడీలు పాతి ముళ్లతీగ. అక్కడ దేవదారు జాతి చెక్క దొరుకుతుంది కాబట్టి వాళ్లది చెక్క కంచె. దానికి వేసేది మామూలు పెయింటు కాదు, స్టెయిన్ అంటారు. పెయింటు చెక్క మీద పొరలా కూర్చుంటుంది. స్టెయిన్ చెక్కలోకి ఇంకుతుంది, చెక్క గీతలు కనిపిస్తూనే ఉంటాయి. గోడకు వేసిన సున్నానికీ నేలకు రుద్దిన జాజుకూ ఉన్నంత తేడా అనుకోండి.

ఇంకాలి కాబట్టి స్టెయిన్ పల్చగా ఉంటుంది, దాదాపు నీళ్లలా. పల్చగా ఉన్నది మిషన్‌లో సులువుగా తుంపరవుతుంది, సులువుగానే ఎగిరిపోతుంది. పని మీద పడకుండా పక్కకు పోయిన ఈ తుంపరను మా వృత్తిలో ఓవర్‌స్ప్రే అంటాం.

తుంపర సంగతి ఈ ఊరి వాళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు. చిట్యాల చుట్టుపక్కల పత్తికి, వరికి, బత్తాయి తోటకు మందు కొట్టని ఇల్లు ఎన్ని ఉంటాయి? వీపు మీద పంపు మోసినవాడికి గాలికి ఎదురు నడవకూడదని ఎవరూ నేర్పక్కర్లేదు. అయితే ఎంత చిన్న చుక్క ఎంత దూరం పోతుందన్న లెక్క మాత్రం చాలామందికి తెలియదు. అదొక్కటి బల్ల మీద పెడతాను. ఎనిమిదో తరగతిలో మా సైన్సు సార్ వాన చుక్క మనల్ని ఎందుకు పొడవదని అడిగారు. ఇది కూడా ఆ పాఠమే.

చుక్క పడే వేగం దాని సైజు మీద ఉంటుంది. మిల్లీమీటరులో వెయ్యోవంతు ఒక మైక్రాన్. మన తల వెంట్రుక ఒక డెబ్బై మైక్రాన్లు అనుకోండి. మన కంచె నాలుగడుగులు. ఆ ఎత్తు నుంచి 200 మైక్రాన్ల చుక్క రెండు సెకన్లలోపే నేల మీద పడుతుంది. 100 మైక్రాన్ల చుక్కకు నాలుగైదు సెకన్లు పడుతుంది. 50 మైక్రాన్లదానికి పదిహేను సెకన్ల పైన. 20 మైక్రాన్ల చుక్క ఒకటిన్నర నిమిషం గాలిలోనే తేలుతుంది. ఇప్పుడు గాలి గంటకు ఐదు కిలోమీటర్లు వీస్తుందనుకుందాం, అంటే మనం నడిచే వేగం, చెంపకు తెలిసీ తెలియనంత. ఆ గాలికి మొదటి చుక్క రెండున్నర మీటర్ల లోపల పడుతుంది, రెండోది ఆరు మీటర్లు పోతుంది, మూడోది ఇరవై మీటర్లు దాటుతుంది, నాలుగోది వంద మీటర్లు దాటి ఎక్కడో పడుతుంది. ఈ లెక్కలో చుక్క దారిలో ఆరిపోవడం లేదనుకున్నాను. నీళ్లతో కలిపే స్టెయిన్‌లో చిన్న చుక్కలు కొన్ని దారిలోనే ఆరి పొడిలా రాలతాయి, తుడిస్తే పోతాయి. నూనె స్టెయిన్ తడిగానే పోయి తడిగానే అంటుకుంటుంది.

ఇంకో లెక్క కూడా చూడండి. చుక్క సైజు సగమైతే, అదే లీటరు నుంచి ఎనిమిది రెట్ల చుక్కలు వస్తాయి. కాబట్టి ఒత్తిడి పెంచి "నున్నగా కొడుతున్నా" అనే పెయింటరు నిజానికి ఎగిరిపోయే చుక్కలను తయారు చేస్తున్నాడు.

మన పక్క ఊళ్లో జరిగిన సంగతి ఒకటి చెబుతాను, పేర్లు వద్దు. బావి కింద ఒకాయనది వరి, పక్క చెల్కలో ఇంకొకాయనది పత్తి. నాటిన మూడు నాలుగు వారాలకు వరిలో వెడల్పాకు కలుపు చావడానికి 2,4-డి కొట్టారు. మందు మంచిదే, వరికి ఏమీ కాలేదు. పదిరోజులకు పక్క చేనులో పత్తి ఆకులు సన్నగా చీలి, వేళ్ల లాగా సాగి, బెండ ఆకులా తయారయ్యాయి. పత్తికి ఈ మందంటే ప్రాణసంకటం. వరికి కొట్టే మోతాదులో ఎంతో చిన్న వంతు తగిలినా ఆకు రూపం మారిపోతుంది. పైగా ఈ మందులో ఈస్టర్ రకం ఎండకు ఆవిరై కూడా పోతుంది, అంటే కొట్టడం అయిపోయాక కూడా కదులుతుంది. ఇద్దరి మధ్యా పంచాయితీ అయింది. "నేను నా మడిలోనే కొట్టిన" అని ఒకాయన, "నా చేనుకు ఎవరు కొట్టిన్రు మరి?" అని ఇంకొకాయన. ఇద్దరూ నిజమే చెప్పారు. ఆ నిజాలు రెండూ ఒకే చోట ఎలా నిలబడతాయో చెప్పడానికి అక్కడ చుక్క లెక్క తెలిసినవాడు ఎవరూ లేడు. వాళ్లకు ఈనాటికీ మాటలు లేవు.

మన కంచె స్టెయిన్ పత్తి మొక్కను చంపదు. అయితే ఇప్పుడు చేనులో ఉన్నది పగిలిన పత్తి. దూది మీద గోధుమ రంగు చుక్కలు పడితే కొనేవాడు ధర తగ్గించడానికి వేరే సాకు వెతుక్కోడు. ఆ చేను కౌలుకు చేస్తున్నది మన బడి పిల్లల తల్లిదండ్రులే అని విన్నాను.

ఇక మిషన్ గురించి. దీని చరిత్రలో చిన్న చమత్కారం ఉంది. అమెరికాలో టొలీడో అనే ఊళ్లో అలెన్ డెవిల్బిస్ అనే డాక్టరు 1888లో గొంతులోకి మందును తుంపరగా కొట్టే సాధనం తయారు చేశాడు. ఆయన కొడుకు థామస్ 1907లో అదే సూత్రంతో రంగు కొట్టే గన్ను తెచ్చాడు. గొంతు బాగు చేయడానికి పుట్టిన వస్తువు గొంతులోకి రంగు కొట్టే వస్తువైంది. మన దగ్గర తలుపులకు పాలిష్ కొట్టే కుర్రవాళ్లు మూతికి దస్తీ కట్టుకుని పని చేస్తుంటారు. దస్తీ పెద్ద చుక్కను ఆపుతుంది, సన్నదాన్ని ఆపదు, ఆవిరిని అసలే ఆపదు. రెండు డబ్బాలు కలిపి కొట్టే పీయూ పాలిష్‌లో గట్టిపడడానికి కలిపే రెండో డబ్బాలో ఐసోసయనేట్లు ఉంటాయి. వాటివల్ల ఉబ్బసం వచ్చినవాడికి ఆ తర్వాత ఆ వాసన కొంచెం తగిలినా ఊపిరాడదు. నేను పనిచేసిన చోట్ల అలా పాతికేళ్ల వయసులోనే వృత్తి మానేసిన వాళ్లను చూశాను. కాంట్రాక్టరు తీసుకొచ్చేది అలాంటి కుర్రవాళ్లనే. అందుకని ఓవర్‌స్ప్రే ముందు ఎవరి మీద పడుతుందని ఎవరైనా అడిగితే, పత్తి కన్నా ముందు గన్ను పట్టుకున్నవాడి మీద పడుతుందనే చెబుతాను.

మిషన్లలో మూడు రకాలు మీకు ఎదురవుతాయి. కంప్రెసర్ పెట్టి గాలితో చీల్చే పాత గన్ను ఒకటి, మన మెకానిక్ షెడ్లలో ఉండేది. దానితో కొట్టిన రంగులో మూడో వంతు కూడా పని మీద నిలవకపోవచ్చు. మిగతాదంతా మబ్బే. రెండోది గాలి ఎక్కువ, ఒత్తిడి తక్కువ ఉండే గన్ను. దీన్ని హెచ్‌వీఎల్‌పీ అంటారు. లాస్ ఏంజెలిస్ ప్రాంతపు గాలి నియంత్రణ సంస్థ అక్కడి బండ్ల పెయింటు షాపులకు రంగులో కనీసం 65 శాతం పని మీద పడాలని షరతు పెట్టింది. ఆ షరతుకు తట్టుకునేది ఈ గన్ను. మూడోది ఎయిర్‌లెస్. గాలి ఉండదు, రంగునే 2,000, 3,000 పీఎస్ఐ ఒత్తిడితో సూది బెజ్జంలోంచి తోస్తుంది. కారు టైరులో గాలి ముప్పై పీఎస్ఐ చుట్టుపక్కల ఉంటుంది, పోల్చుకోండి. మన కాంట్రాక్టరు చెప్పింది దీని గురించే. ఇది చాలా వేగంగా పని చేస్తుంది, ఆ విషయంలో ఆయన అబద్ధం చెప్పలేదు.

ఎయిర్‌లెస్ గురించి ఒక హెచ్చరిక. దాని ముక్కుకు వేలు అడ్డం పెడితే రంగు చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైన చూస్తే చిన్న సూదిపోటులా ఉంటుంది, రక్తం కూడా రాదు. పసుపు పెట్టి ఊరుకుంటే వేలు పోతుంది, ఒక్కోసారి చెయ్యి పోతుంది. నొప్పి లేకపోయినా అదే గంటలో సర్జన్ దగ్గరికి తీసుకుపోవాలి, లోపలికి పోయింది ఏ రంగో డబ్బాతో సహా చూపించాలి. ఈ మైదానంలో పిల్లలు తిరుగుతుంటారు, అందుకే చెబుతున్నాను.

పోయిన ఏడాది డల్లాస్ దగ్గర మా అమ్మాయి ఇంట్లో మూడు నెలలు ఉన్నాను. ఆ చుట్టుపక్కల ఎన్ని తెలుగు ఇళ్లో మీకు తెలుసు, మన నల్లగొండ వాళ్లే ఒక వీధికి సరిపడా ఉన్నారు. పక్కింటి కంచెకు స్టెయిన్ కొట్టడానికి ఇద్దరు వచ్చారు. రిటైరయ్యే వయసులో ఉన్న ఇంజనీరుకు అమెరికాలో అంతకు మించిన కాలక్షేపం ఏముంటుంది, కుర్చీ వేసుకుని చూశాను. ముందు ఒకతను గడ్డికి, గులాబీ మొక్కలకు పైపుతో నీళ్లు కొట్టాడు. తడిసిన ఆకు మీద స్టెయిన్ పడినా అంటకుండా కడిగితే పోతుంది. తర్వాత మా ఇంటి వైపుకు వచ్చి, అనుమతి అడిగి, కారు దూరంగా పెట్టమన్నాడు. పని మొదలయ్యాక ఒకతను అటు కొడుతుంటే, రెండో అతను ఇటువైపు పెద్ద అట్టముక్క పట్టుకుని పలకల సందులకు అడ్డంగా అతనితో పాటే నడిచాడు. గంటలో ఆ అట్ట తడిసి ముద్దయింది. ఆ ముద్దను చూస్తేనే నాకు లెక్క తట్టింది. మధ్యాహ్నం గాలి లేచింది, సామాను సర్దుకుని వెళ్లిపోయారు. డబ్బులిచ్చే ఇంటాయన గొణిగాడు, వాళ్లు వినలేదు. మళ్లీ మూడో రోజు పొద్దున్నే వచ్చారు.

అట్ట చెప్పిన లెక్క మన కంచెకు వేద్దాం. తోట చుట్టూ అరవై మీటర్లు. పలక పది సెంటీమీటర్లు, పలకకూ పలకకూ మధ్య రెండు సెంటీమీటర్ల సందు. అంటే ప్రతి పన్నెండు సెంటీమీటర్లకు ఒక పలక, మొత్తం ఐదు వందల పలకలు. పెయింటరు ఎంత నిపుణుడైనా, గాలి అసలే లేకపోయినా, కొట్టిన దాంట్లో ఆరో వంతు నేరుగా సందుల్లోంచి అవతలికి పోతుంది. దానికి పైఅంచు దాటిపోయేది, చెక్క మీద తగిలి వెనక్కి చిందేది, మబ్బులా తేలేది కలపండి. సగం చెక్క మీద నిలిస్తే గొప్పే. ఈ ఐదు వందల పలకలకు రెండు ముఖాలు, అంచులు కలిపి దాదాపు నూట నలభై ఐదు చదరపు మీటర్లు వస్తుంది. గరుకు చెక్క లీటరుకు ఐదు చదరపు మీటర్లు తాగుతుందనుకుంటే కావలసింది ముప్పై లీటర్లలోపు. సగం ఎగిరిపోతే కొనాల్సింది అరవై. ఆ మిగతా ముప్పై లీటర్లు డబ్బు పెట్టి కొని పత్తి మీద, వంట షెడ్డు మీద, కుర్రవాళ్ల ఊపిరితిత్తుల్లో పోస్తామన్నమాట. విరాళం ఇచ్చిన మిత్రులు రసీదు అడిగితే ఏ ఖాతాలో రాస్తారు?

ఎవరైనా ఎప్పుడైనా మిషన్‌తోనే కొట్టాల్సి వస్తే ఏం చేయాలో కొంచెం చెబుతాను. మన ఊళ్లో షట్టర్లు, గేట్లు, ట్రాక్టరు ట్రాలీలు రోజూ ఎక్కడో ఒకచోట కొడుతూనే ఉన్నారు కదా. ముక్కు మీద నంబరు చూడండి. 515 అని ఉంటే మొదటి అంకెను రెండుతో హెచ్చించాలి, పది వచ్చింది. అడుగు దూరం నుంచి కొడితే పది అంగుళాల వెడల్పు పట్టీ పడుతుందని అర్థం. మిగతా 15 అంటే బెజ్జం అంగుళంలో వెయ్యోవంతులు పదిహేను. నాలుగంగుళాల పలకకు పది అంగుళాల పట్టీ పెడితే ఆరంగుళాలు గాలికి పోయినట్టే. పలకకు తగ్గ సన్న పట్టీ ముక్కు, పల్చని ద్రవానికి చిన్న బెజ్జం తీసుకోవాలి. ఒత్తిడిని బాగా తగ్గించి మొదలుపెట్టాలి. పట్టీ అంచుల్లో గీతలు, తోకలు కనిపిస్తాయి. అవి పోయేదాకా కొంచెం కొంచెం పెంచి అక్కడ ఆపాలి. చాలామంది నాబ్‌ను చివరిదాకా తిప్పి పని మొదలుపెడతారు, మబ్బు సగం అక్కడే పుడుతుంది. గన్ను చెక్కకు ఎదురుగా, ఒకే దూరంలో, చేయి మొత్తం కదుపుతూ పోవాలి. మణికట్టు తిప్పి విసనకర్రలా ఊపితే చివర్లలో రంగంతా ఆకాశానికే. ప్రతి విసురుకు చివర ట్రిగ్గర్ వదలాలి. స్టెయిన్ అయితే వెనకాలే ఇంకొకరు కుంచెతో చెక్కలోకి రుద్దుకుంటూ రావాలి, లేకపోతే పైన మెరుస్తుంది, లోపలికి పోదు.

గాలి చూడటానికి పరికరం అక్కర్లేదు. ఊదుబత్తి వెలిగించి పట్టుకోండి. పొగ కొంచెం వంగి ఒకే దిక్కుకు పోతుంటే, ఆ దిక్కున ఎవరూ ఏదీ లేకపోతే, కొట్టొచ్చు. పొగ చెదిరిపోతుంటే ఆపాలి. బొత్తిగా గాలి లేని వేళ మంచిదనుకుంటారు, అదీ ప్రమాదమే. చలికాలం పొద్దుగూకంగ పొయ్యిల పొగ పైకి లేవకుండా ఊరి మీద పరదాలా పరుచుకోవడం మీరంతా చూసే ఉంటారు. కింద చల్లగాలి, పైన వెచ్చగాలి మూతలా కూర్చుంటుంది. ఆ వేళ కొట్టిన సన్న తుంపర కూడా ఆ పొగలాగే చెదరకుండా మెల్లగా జరుగుతూ పోయి ఎక్కడో ఒక్కచోట దిగుతుంది. చేనులో మందు కొట్టేవాళ్లకూ ఇదే మాట. పొద్దున మంచు ఆరాక, ఎండ ముదిరి గాలి లేవకముందు ఉండే రెండు మూడు గంటలే మనవి.

ఇవన్నీ చేస్తే ఓవర్‌స్ప్రే తగ్గుతుంది, పోదు. ఇంజనీరింగులో మాకు మొదట నేర్పేది, ప్రమాదానికి అడ్డు పెట్టేముందు ఆ పని అసలు అక్కర్లేకుండా చేయగలమా చూడమని. మన విషయంలో చేయగలం, ఎందుకంటే పలకలు ఇంకా స్టోరు గదిలోనే ఉన్నాయి. ఒక్కటీ కొట్టలేదు. కంచె కట్టాక రంగు వేయాలని ఎవరన్నారు?

నా ప్రతిపాదన ఇది. ఆరంగుళాల పీవీసీ పైపు, బోర్లకు వాడేది, ఐదడుగుల ముక్క తీసుకుని నిలువునా రెండుగా కోయాలి. రెండు చివరలు మూస్తే తొట్టి అయింది. పది లీటర్ల లోపు స్టెయిన్ పోస్తే పలక అడ్డంగా మునుగుతుంది. ఒక్కో పలకను ముంచి, తిప్పి, తీసి, అదే తొట్టి మీద ఒక నిమిషం కారనిచ్చి, గుడ్డతో ఒకసారి తుడిచి, నీడలో కర్రల మీద ఆరబెట్టడమే. రెండు తొట్లు, నలుగురు మనుషులు ఉంటే ఐదు వందల పలకలు ఒక్క పూట పని. మరుసటి రోజు ఆరనిస్తే కాంట్రాక్టరు చెప్పిన రెండు రోజులే అయ్యాయి. ఒక్క చుక్క గాలిలోకి లేవదు. కారింది తొట్టిలోనే పడుతుంది, మళ్లీ పలకకే పోతుంది.

దీంట్లో ఇంకో లాభం, నా లెక్కలో అసలు లాభం ఇదే. చెక్క ఎక్కువగా నీళ్లు తాగేది ముఖం నుంచి కాదు, కోసిన చివరల నుంచి. చెట్టు బతికున్నప్పుడు నీళ్లు పైకి లాగిన గొట్టాలు అక్కడ నోరు తెరుచుకుని ఉంటాయి. కట్టేసిన కంచెకు మిషన్‌తో కొడితే కింది చివరకు రంగు చేరనే చేరదు. వానలో నీళ్లు లాగేదీ చెదలు మొదలయ్యేదీ అక్కడే. ముంచితే ఆ చివరలు కడుపు నిండా తాగుతాయి. స్తంభాలకు మాత్రం చెక్క వద్దు, మన రాతి కడీలే పాతుదాం. పలక అడుగు నేలకు రెండంగుళాలు ఎత్తులో ఉంచుదాం. 

చెక్క పొడిగా ఉందో లేదో ముంచేముందు చూడాలి. నాలుగు నీటి చుక్కలు వేస్తే వెంటనే ఇంకాలి, పూసల్లా నిలబడితే ఇంకా ఆరాలి లేదా గరుకు కాగితం పెట్టాలి. వేపచెట్టు కింది వేదికకు కూడా మిషన్ అక్కర్లేదు. అది పడుకున్న చెక్క, రంగు కారిపోదు. పొడుగు కర్రకు కట్టిన వెడల్పు కుంచెతో నిలబడే వేయొచ్చు, నడుం పట్టదు. పావుగంట తర్వాత ఇంకకుండా మిగిలింది తుడిచేయాలి, లేకపోతే జిగటగా ఉండి పిల్లల నిక్కర్లకు అంటుతుంది.

తుడిచిన గుడ్డల గురించి మాత్రం గట్టిగా చెబుతున్నాను, ఎవరూ నమ్మరు కాబట్టి. అవిసె నూనె లాంటి ఆరే నూనె ఉన్న స్టెయిన్ అయితే, ఆ గుడ్డలు ముద్ద చేసి మూలకు పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. అగ్గిపుల్ల అవసరం లేదు. నూనె గాలితో కలిసి ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ముద్దలో ఆ వేడి బయటికి పోదు. విడివిడిగా ఎండలో పరిచి ఆరబెట్టాలి, లేకపోతే నీళ్ల బకెట్లో ముంచి ఉంచాలి. స్టోరు గదిలో మన పాత రిజిస్టర్లు ఉన్నాయి, యాభై ఏళ్ల మన పేర్లన్నీ అందులోనే ఉన్నాయి.

ఎవరో ఇంట్లో ఉన్న బ్యాటరీ పంపు తెస్తానన్నారు, కుంచెకు అందని చోట కొట్టడానికి. తెచ్చేది కొత్తదైతే సరే, ముతక చుక్క నాజిల్ పెట్టి తక్కువ ఒత్తిడితో కొట్టొచ్చు. కలుపు మందు పోసిన పంపు మాత్రం బడి గేటు దాటొద్దు. స్టెయిన్ పోసిన పంపు మళ్లీ చేనుకు పోవద్దు.

తరగతి గదుల పాత తలుపుల గురించి కూడా అడిగారు. వాటికి కొత్త రంగు వేసేముందు పాతది గీకాలి. ఇళ్లకు వాడే రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదని మన దేశంలో నిబంధన అమల్లోకి వచ్చింది 2017 నవంబరు 1న. మన తలుపులు అంతకు చాలా ముందువి. ఆ పొరల్లో సీసం ఉందనుకునే పని చేయాలి. పొడిగా మిషన్ పెట్టి గీకితే లేచే దుమ్ము మిషన్ తుంపర కన్నా పిల్లలకు చెడ్డది. తడి చేసి, చేత్తో రుద్ది, రాలినదంతా పట్టా మీద పట్టి ఎత్తేయాలి. బడి నడుస్తున్న రోజుల్లో ఆ పని వద్దు. వేసవి సెలవుల దాకా ఆగుదాం. యాభై ఏళ్లు ఆగిన తలుపులు ఆరు నెలలు ఆగలేవా?

కాంట్రాక్టరును పిలిచి వద్దనడం కమిటీకి మొహమాటంగా ఉందని తెలుసు. ఆయన మన బడి వాడే, నాకన్నా ఎనిమిదేళ్లు చిన్న. పొద్దున నేనే మాట్లాడాను. తొట్టి పద్ధతి చెబితే మొదట నవ్వాడు, తర్వాత "అన్నా, కూలి అట్లనే ఇస్తరు కదా?" అని అడిగాడు. ఇస్తామన్నాను. మిగిలే ముప్పై లీటర్ల ఖరీదులో అది వస్తుంది. కార్యదర్శి గారు నా వైపు చూస్తున్నారు, ఆ మాట నేను ఇచ్చేశాను సార్.

పత్తి ఏరడం ఇంకో రెండు వారాల్లో అయిపోతుందని చేను వాళ్లు చెప్పారు. మనం గాలిలోకి ఏమీ కొట్టం కాబట్టి వాళ్ల కోసం ఆగక్కర్లేదు. వచ్చే ఆదివారం పొద్దున ఏడింటికి స్టోరు గది తెరుస్తారు. పైపు నేను తెస్తాను, కోయించి తెస్తాను. రబ్బరు చేతితొడుగులు పది జతలు కావాలి, పాత నూలు గుడ్డలు ఎన్ని ఉంటే అన్ని. పాత చీరలైతే మరీ మంచిది, నూలు రాలదు. బీడీ, సిగరెట్ అలవాటున్న అన్నలు ఆ పూటకు గేటు బయట. పేర్లు ఇక్కడ పెద్దసార్ దగ్గర రాయించుకోండి. ఎనిమిది మంది చాలు, పదిహేను మంది వస్తే మాటలే ఎక్కువవుతాయి.